కత్తిరించని నలభై ఒక్క నిమిషాలు

గన్నర్స్ కోవ్,
14 సెప్టెంబరు 2018

డల్సీ తల్లికి,

నువ్వు పంపిన కవరు మంగళవారం పడవకు వచ్చింది. ఎఫీ పోస్టాఫీసు కిటికీ తెరవకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. "ఈ కిటికీలో ముప్ఫై ఏళ్లుగా కూర్చుంటున్నా సెల్బీ, ప్రేమలేఖ కోసం కూడా ఎవరూ ఇంత పొద్దున్నే రాలేదు" అని దెప్పింది.

అచ్చు తీసి పంపిన కామెంట్లన్నీ చదివాను. నూట పన్నెండు. నార్వేలో ఒకాయన మన వీడియో చూసి, ఇరవై ఏళ్లుగా కదలని తాతగారి పడవ ఇంజను తిప్పాడట. ఒరెగాన్‌లో ఒకావిడ, భర్త పోయాక షెడ్డులో మిగిలిపోయిన ఒంటి సిలిండరు ఇంజనుకు నా మాట వింటూ నూనె పెట్టిందట. ఈ పాత ఇంజన్లు మా తరంతో పాటే సముద్రంలో కలిసిపోతాయని అనుకున్నాను. ఎవరెవరో ఎక్కడెక్కడో వాటిని తుడిచి పెట్టుకుంటున్నారు.

ఇంకో సంగతి. ఒక్కరంటే ఒక్కరు కూడా నా నత్తి గురించి అనలేదు. ఎక్కడైనా దాటేశానేమోనని రెండుసార్లు చదివాను. బళ్లో నన్ను 'పుట్‌పుట్ సెల్బీ' అనేవాళ్లని నీకు తెలుసు. ఈ ఇంజన్ల చప్పుడులాగే మొదలవుతాడు, ఆగుతాడు, మళ్లీ మొదలవుతాడు అని. నాకు అరవై ఏడొచ్చాయి. లోకం ఇంత మంచిదైపోయిందని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు.

ఈ కవరులో ఎఫీ తీసిన ఆరో వీడియో కార్డు పెట్టాను. ఇంజను ఆపకుండానే పడవను వెనక్కి నడపడం ఎలాగో చూపించాను. చక్రం ఆగిపోబోయే క్షణంలో నిప్పురవ్వ అందిస్తే అది ఎదురు తిరుగుతుంది. 'చక్రం' అన్న మాట దగ్గరే నేను ఇరుక్కుపోయాను. ఈలోపు మంచు పొగ దిగి వెనక రేవంతా మాయమైంది. మళ్లీ తీద్దామా అంటే ఎఫీ ఒప్పుకోలేదు.

మా ఇంటర్నెట్ సంగతి మామూలే. ఎఫీ కంప్యూటరులో మన వీడియో తెరిస్తే, నేను నోరు తెరిచిన చోట ఆగిపోయి చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి. "అచ్చం నీలాగే ఉంది" అంది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. అలా నేను ఒక్కటీ చూడలేదు. చూడకపోవడమే మంచిదిలే, నా ముఖం నాకు తెలుసు.

నీకు కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియడం లేదు. జూలైలో నువ్వొచ్చి కెమెరా ఎఫీ చేతిలో పెట్టి వెళ్లకపోతే నేను ఈ షెడ్డులో గొణుక్కుంటూనే పోయేవాణ్ణి. జామ్ సీసా జాగ్రత్తగా తెరువు, మూత బిగుసుకుంది.

నీ మామయ్య
సెల్బీ

&nbsp;

సెయింట్ జాన్స్,
2 అక్టోబరు 2018

మామయ్యా,

కార్డు, జామ్ రెండూ క్షేమం. సగం సీసా నా గదిలో ఉండే పిల్ల స్పూనుతో తినేసింది. తనను క్షమించాను, కానీ మర్చిపోలేదు.

ఆరో వీడియో నిన్న పెట్టాను. పడవ వెనక్కి తిరిగే చోట మంచు పొగ ఎంత బాగా వచ్చిందో! ఎఫీ గారితో నా తరఫున చెయ్యి కలుపు. మన చానల్‌ను ఇప్పుడు తొమ్మిది వేలమంది అనుసరిస్తున్నారు. గన్నర్స్ కోవ్‌లో ఉన్నది డెబ్భై నలుగురు అనుకుంటే, నీకు నూట ఇరవై గన్నర్స్ కోవ్‌లు ఉన్నట్టు.

మంచి కబురు ఇంకోటి. సోఫాల ప్రకటనలకు ఎడిటింగ్ చేసే నా ఉద్యోగం పోయిందని చెప్పాను కదా. మన వీడియోలు చూసి ఇద్దరు ముగ్గురు నాకు పని ఇచ్చారు. ఒకాయనవి తేనెటీగలు, ఒకావిడవి అల్లికలు. వంటింటి బల్లే నా ఆఫీసు. ఇదంతా నీ చలవే, మామయ్యా. నువ్వు నాకు కృతజ్ఞతలు రాస్తే నాకు ఎక్కడ ముఖం పెట్టుకోవాలో తెలియదు.

మాట ఎక్కడైనా ఇరుక్కుంటే కంగారు పడకు. మళ్లీ తీయాలని ఎఫీ గారిని విసిగించకు. ఆ సంగతి నేను చూసుకుంటాను.

ప్రేమతో,
డల్సీ

&nbsp;

గన్నర్స్ కోవ్,
20 నవంబరు 2018

డల్సీ తల్లికి,

ఏడో కార్డు, ఎనిమిదో కార్డు కలిపి పంపుతున్నాను. గాలి ఎక్కువై పడవ రెండు సార్లు రాలేదు. ఈలోపు ఒక దుప్పి వచ్చి నా క్యాబేజీ మడి మొత్తం మేసి, గుమ్మం ముందు నిలబడి ఇంకేమైనా ఉందా అన్నట్టు చూసింది.

'నేను చూసుకుంటాను' అని నువ్వు రాసిన మాట చాలాసేపు చదువుకున్నాను. ఓపిగ్గా వినేవాళ్లు దొరకడం కన్నా నాకు ఇంకేం కావాలి.

ఇక్కడ అందరూ నీ అంత మంచివాళ్లు కాదు. మా ఊరి లెమ్ హాన్, రేవు పట్నంలో ఉన్న కూతురింటికి వెళ్లి నెలరోజులుండి వచ్చాడు. అక్కడ మన వీడియోలు చూశాడట. తిన్నగా షెడ్డులోకి వచ్చి, "ఏం సెల్బీ, అంత గడగడా మాట్లాడేస్తున్నావు! రేడియోలో వార్తలు చదివేవాడికి నీ ముందు పని లేదు" అన్నాడు. వాడు బళ్లో ఎలా వెక్కిరించేవాడో, అరవై ఏళ్లయినా అలాగే ఉన్నాడు. తలుపు వాడి ముఖం మీదే వేశాను. 

సరే, పోనీ. తొమ్మిది వేలమంది ఉన్నారుగా.

మామయ్య

&nbsp;

గన్నర్స్ కోవ్,
12 జనవరి 2019

డల్సీ తల్లికి,

కూర్చుని చదువు. నిలబడి చదివే ఉత్తరం కాదిది.

సెయింట్ జాన్స్‌లో కొత్తగా తెరిచిన పడవల మ్యూజియం నుంచి నాకు పెద్ద కవరు వచ్చింది. డైరెక్టరు హుబర్ట్ టిల్లీ గారు స్వయంగా సంతకం పెట్టారు. జూన్‌లో పాత ఇంజన్ల మీద కార్యక్రమమట. హాలులో రెండొందల మంది, ఇంటర్నెట్‌లో ఎంతమందైనా ప్రత్యక్షంగా చూస్తారట. నన్ను గంటసేపు మాట్లాడమంటున్నారు. నన్ను! 'మీ వీడియోలన్నీ చూశాము, మీ మాటతీరు మాకెంతో నచ్చింది' అని రాశారు.

ఆ వాక్యం ఎఫీ చేత పైకి చదివించుకున్నాను. నేనెలా మాట్లాడతానో విని కూడా పిలిచారంటే, ఇంక నాకు భయమెందుకు? నా పెళ్లి మాటలప్పుడు కూడా నా బదులు మీ అమ్మే మాట్లాడింది. ఆ సంబంధం కుదరలేదనుకో, అది వేరే కథ. బోటు నడిపేవాళ్ల సంఘంలో నలభై ఏళ్లున్నాను, ఒక్కసారి కూడా లేచి మాట్లాడలేదు.

వస్తానని అదే రోజు జవాబు రాసేశాను. మళ్లీ మనసు మారకుండా ఎఫీ దాన్ని లాక్కుని ముద్ర కొట్టింది.

ముఖం కప్పుకుని ఇంటింటికీ తిరిగి, తామెవరో చెప్పమనే క్రిస్మస్ వేషాలవాళ్లు ఈసారి మా ఇంటికి ఏడుగురు వచ్చారు. ముఖాలకు దిండు గలీబులు. ఆరుగురిని గుర్తుపట్టాను. ఏడోది ఎఫీ అని తర్వాత తెలిసింది, నా బూట్లే వేసుకొచ్చింది!

ఇదంతా నీవల్లనే. ఎప్పటికీ మర్చిపోను.

మామయ్య

&nbsp;

సెయింట్ జాన్స్,
27 జనవరి 2019

మామయ్యా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. ఇప్పుడైనా చెప్పకపోతే నిన్ను ఆ వేదిక మీదికి నేనే తోసేసినట్టవుతుంది.

టిల్లీ గారికి నీ నత్తి సంగతి తెలియదు. చానల్ చూసేవాళ్లెవరికీ తెలియదు. నేను తీసేశాను.

జూలైలో తీసిన మొదటి వీడియోను ఉన్నదున్నట్టే పెట్టాను. రెండు గంటలు గడవలేదు, ఎవడో నువ్వు ఒక మాట మీద ఆగిన ఆరు సెకన్ల ముక్కను కోసుకుని, దానికి నవ్వులూ డప్పులూ కలిపి వదిలాడు. వందలమంది పంచుకున్నారు. నేను వంటింటి నేల మీద కూలబడి ఏడ్చాను. మన వీడియో వెంటనే దించేశాను. మర్నాడు నువ్వు ఆగిన చోటల్లా కోసేసి మళ్లీ పెట్టాను. ఆ ఖాళీల్లో నీ చేతులు చూపించాను, అవి ఎక్కడా ఆగవు కనుక. అప్పటినుంచి అన్నీ అంతే. నువ్వు ముప్ఫై ఎనిమిది నిమిషాల కార్డు పంపితే, నేను తొమ్మిది నిమిషాలు చేసేదాన్ని.

కామెంట్లలో ఎవరూ నవ్వలేదని నువ్వు రాసినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. అంత సంతోషంగా రాశావు. లెమ్ హాన్ నిన్ను వెక్కిరించలేదు, మామయ్యా. అతను విన్నది అదే.

నిన్ను చూసి సిగ్గుపడి చెయ్యలేదు. ఈ ఒక్క మాట నమ్ము. మిగతాదానికి నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు.

డల్సీ

&nbsp;

సెయింట్ జాన్స్,
24 ఫిబ్రవరి 2019

మామయ్యా,

నెలయింది. ఉత్తరం లేదు. గాలికి పడవలు ఆగాయేమో అనుకుని ఫెర్రీ ఆఫీసుకు ఫోను చేశాను. ఆగలేదన్నారు.

నువ్వు చెప్పేదాకా చానల్‌లో ఏమీ కనపడకుండా అన్ని వీడియోలూ మూసి పెట్టాను. ఎలా ఉన్నావో ఎఫీ గారి చేతైనా ఒక్క ముక్క రాయించు.

డల్సీ

&nbsp;

గన్నర్స్ కోవ్,
10 మార్చి 2019

డల్సీకి,

బాగానే ఉన్నాను. షెడ్డు తాళం వేసి ఉంది. మ్యూజియం వాళ్లకు రాలేనని రాశాను.

'గొంతు తేనెలా జారుతోంది' అని ఒకాయన రాసిన కామెంటును ఎఫీ పోస్టాఫీసు గోడకు అంటించింది. ఉత్తరం వచ్చిన రోజు వెళ్లి దాన్ని పీకేశాను. ఆ గొంతు నాది కాదు. ఆ నూట పన్నెండు మందీ మెచ్చుకున్న మనిషి ఎవరో నాకు తెలియదు. లెమ్ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి నన్ను మెచ్చుకుంటే, వాడి ముఖం మీద తలుపేశాను.

మీ అమ్మ మ్యూరియల్ బతికుండగా నీకెప్పుడూ చెప్పని మాట చెబుతాను. చిన్నప్పటినుంచీ నేను మొదటి అక్షరం దగ్గర ఇరుక్కుంటే, మిగతా మాట తనే అందించేది. ప్రేమతోనే. నేనంటే తనకు ప్రాణం. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక రోజు భోజనాల దగ్గర 'ఉ... ఉ...' అన్నాను. 'ఉప్పా?' అంటూ గిన్నె జరిపింది. నేను చెప్పబోయింది ఉద్యోగం గురించి. హాలిఫాక్స్‌లో ఓడల యార్డువాళ్లు రమ్మన్నారు. అందరూ నావైపే చూస్తున్నారు. ఉప్పు వేసుకున్నాను. హాలిఫాక్స్ వెళ్లలేదు.

మీ అమ్మను నేనెప్పుడూ తప్పు పట్టలేదు. నిన్నూ పట్టాలని లేదు. కానీ ఈ వయసులో మళ్లీ ఉప్పు వేసుకోవడం కష్టంగా ఉంది.

సెల్బీ

&nbsp;

సెయింట్ జాన్స్,
30 మార్చి 2019

మామయ్యా,

నీ ఉత్తరం పది సార్లు చదివాను. బతిమాలను. ఏది మంచిదో నేనే తేల్చేసి పెద్ద తప్పు చేశాను, ఇంకోసారి చెయ్యను.

ఈ పెట్టెలో చిన్న తెరలాంటిది ఉంది. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, మీట నొక్కితే చాలు. ఎర్ర కార్డులో నేను కోసినవన్నీ ఉన్నాయి. నీలం కార్డులో నువ్వు పంపినవి పంపినట్టు, ఒక్క క్షణం పోకుండా ఉన్నాయి. నేనేదీ పారేయలేదు. చూడాలనిపిస్తే చూడు. అవి నీవి.

ఇంకొక కాగితం కూడా పెట్టాను. వీడియోలు కనపడటం లేదేమని చాలామంది అడిగారు. వాళ్లలో మాగ్డలెన్ దీవులనుంచి యోలాండ్ షియాసన్ అనే ఆవిడ రాసింది నువ్వు చదవాలి. ఆమె మాటలు ఉన్నదున్నట్టే ఇస్తున్నాను:

'సెల్బీ కీపింగ్ గారికి. మా నాన్న ఇంజను మీ వీడియోలు చూస్తూ బాగు చేసుకుంటున్నాను. తొమ్మిదో దాంట్లో "పిస్టన్" అనే ముందు మీ ఎడమ కన్ను మూసుకుంది, గడ్డం కిందికి లాగింది. వెంటనే బొమ్మ మారి మీ చేతులు వచ్చాయి. ఆ కన్ను నాకు తెలుసు, నాదీ అలాగే మూసుకుంటుంది. నాకు ఫ్రెంచిలోనూ నత్తే, ఇంగ్లీషులోనూ నత్తే. రెండు భాషలొచ్చినందుకు శిక్ష. ఆ తొమ్మిదిలో మిగతా మాట ఎక్కడుందండీ? ఎవరు తీసేశారు? నాకు అది కావాలి.'

ఆమెకు నేనింకా జవాబు రాయలేదు. అది నేను రాయాల్సిన జవాబు కాదనిపించింది.

డల్సీ

&nbsp;

గన్నర్స్ కోవ్,
30 ఏప్రిల్ 2019

డల్సీ తల్లికి,

పెట్టె వచ్చి రెండు వారాలు ముట్టుకోలేదు. ఈస్టర్ పూట ఎఫీ వచ్చి పిండి రొట్టెలు వేయించి, మొలాసిస్ పాకం సీసా ముందు పెట్టి, "నువ్వు చూస్తావా, నన్నొక్కదాన్నే చూడమంటావా?" అంది. చూశాం.

ముందు ఎర్ర కార్డు. నత్తి లేకుండా పుట్టుంటే నేనెలా ఉండేవాణ్ణో చూశాను డల్సీ. ఎంతమందికి దొరుకుతుంది అలాంటిది? అందగాడే, ఎఫీ కూడా ఒప్పుకుంది. మాట కడిగిన గాజులా ఉంది. ఒక గంటసేపు అతన్ని చూసి నిజంగానే సంతోషించాను. కళ్లు తుడుచుకున్నాను కూడా. తర్వాత నీలం కార్డు పెట్టింది ఎఫీ. ఆ ముసలాడు ఆగుతాడు, కన్ను మూస్తాడు, ఈలోపు వాడి చెయ్యి వెళ్లి బోల్టు బిగువు చూసి వస్తుంది, అప్పుడు మాట వస్తుంది. "ఎర్ర కార్డువాడికి తొందరెక్కువ, వాడు నా పడవ ఇంజను మీద చెయ్యేస్తే ఒప్పుకోను" అంది ఎఫీ.

కోపం పోయిందా అంటావేమో. చాలా పోయింది. నీడపట్టున కొంచెం మంచు ఇంకా ఉంది, అదీ కరుగుతుంది. వంటింటి నేల మీద కూలబడి ఏడ్చావని రాశావే, దాన్ని ముందు సరిగ్గా చదవలేదు. ఈ ముసలాడి కోసం ఎవరో ఏడ్చారని ఇప్పుడు తెలిసింది. నీకు నా కృతజ్ఞత, ఈసారి అన్నీ తెలిసి చెబుతున్నాను.

లెమ్ ఇంటికి వెళ్లాను. సీసాలో నిల్వ పెట్టిన దుప్పి మాంసం తీసుకెళ్లాను. "త... త... తప్పు నాది" అని చెప్పడానికి కొంత సేపు పట్టింది. వాడు, "ముందు లోపలికి రారా, చలేస్తోంది, మిగతాది కూర్చుని చెబుదువుగాని" అన్నాడు.

షెడ్డు తెరిచాను. పన్నెండో కార్డు ఇందులో ఉంది. నలభై ఒక్క నిమిషాలు. ముందు నత్తి సంగతి, నువ్వు చేసిన సంగతి, ఎందుకు చేశావన్న సంగతి చెప్పాను. నీ మీద ఎవరూ నోరు పారేసుకోకుండా చెప్పాననే అనుకుంటున్నాను. తర్వాత నీటి పంపు విప్పాను. దీన్ని ఉన్నదున్నట్టు పెట్టు. ఒక్క ఊపిరి కూడా తియ్యకు. మధ్యలో ఎఫీ తుమ్మింది, అదీ ఉంచు.

టిల్లీ గారికి కూడా అంతా రాశాను. వద్దంటే అర్థం చేసుకుంటానని రాశాను. నాలుగు రోజుల్లో జవాబొచ్చింది, 'తప్పక రండి' అని.

యోలాండ్ గారికి నేనే రాశాను. 'మిగతా మాట' పంపించు ఆవిడకు, నీలం కార్డు మొత్తం.

మామయ్య

&nbsp;

సెయింట్ జాన్స్,
12 మే 2019

మామయ్యా,

పెట్టాను. ఎఫీ గారి తుమ్ము పంతొమ్మిదో నిమిషంలో ఉంది, దానికే ముప్ఫైమంది 'చిరంజీవ' అని రాశారు.

ఇకనుంచి నీ దగ్గర ఏదీ దాచనన్నాను కనుక అన్నీ రాస్తున్నాను. మొదటి మూడు రోజుల్లో నాలుగొందల మంది వెళ్లిపోయారు. నవ్వినవాళ్లున్నారు. నన్ను తిట్టినవాళ్లు ఇంకా ఎక్కువ. చాలావరకు నిజమే తిట్టారు. నవ్విన కామెంట్లు తీసేద్దామని మీట దాకా వెళ్లి, ఆగి, నీకే అచ్చు తీసి పంపుతున్నాను. ఎడమవైపు కట్ట అదే. పొయ్యిలో వేసుకుంటావో చదువుతావో నీ ఇష్టం.

కుడివైపు కట్ట మందం చూశావా? అందులో పైది అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఒక పీతల వేటగాడిది: 'ఇదివరకు మీ వీడియో పెట్టుకుని పని చేస్తుంటే, రెంచీ వెతుక్కునేలోపు మీరు ముందుకెళ్లిపోయేవారు. గ్రీజు చేతులతో ఆపలేక చచ్చేవాణ్ణి. ఈసారి మీరు ఆగినప్పుడల్లా నాకు రెంచీ దొరికింది. ఆపకుండా చివరిదాకా చూసిన మొదటి వీడియో ఇది. థాంక్స్.'

ఇన్నాళ్లూ నేను పనికిరాదని కోసి పక్కన పెట్టింది, ఆయన రెంచీ వెతుక్కునే సమయం!

టిల్లీ గారు ఆ రోజు ప్రత్యక్ష ప్రసారం నన్నే చూసుకోమన్నారు. మూడు కెమెరాలు, ఒక బల్ల, ఏ బొమ్మ ఎప్పుడు వెళ్లాలో నా చేతుల్లో. నీకు అభ్యంతరమైతే చెప్పు, వేరేవాళ్లను పెడతారు. నువ్వు సరేనంటేనే ఒప్పుకుంటాను.

డల్సీ

&nbsp;

గన్నర్స్ కోవ్,
23 మే 2019

డల్సీ తల్లికి,

సరే. నువ్వే ఉండు.

ఎడమ కట్ట చదివాను. బళ్లో విన్నవాటికన్నా కొత్తవేమీ లేవు. పొయ్యి రాజేయడానికి పనికొచ్చాయి.

కోటు ఎఫీ ఇస్త్రీ చేస్తోంది.

మామయ్య

&nbsp;

సెయింట్ జాన్స్,
20 జూన్ 2019

మామయ్యా,

నిన్ను ఫెర్రీ ఎక్కించి వచ్చి మూడు రోజులైంది. రేవులో చెబుదామనుకున్నాను, ఎఫీ గారు సామాను లెక్కపెడుతూ హడావుడి చేశారు. హాలులో వెలుతురు నీ కళ్లల్లో పడి, వెనక ఏం జరిగిందో నీకు కనపడలేదు. అందుకే రాస్తున్నాను.

మొదటి ఇరవై నిమిషాలు బాగా నడిచాయని నీకు తెలుసు. ఆ తర్వాత ఈ పని నీకు ఎవరు నేర్పారని ముందు వరుసలో ఒకాయన అడిగాడు. "మా నాన్న. నాతో పాటు నేర్చుకుంది మా అక్క మ..." అని ఆగిపోయావు.

తెర మీద నీ ముఖం పెద్దగా ఉంది. కన్ను మూసుకుంది. పది సెకన్లు. టిల్లీ గారు నా భుజం దగ్గరికొచ్చి, "డల్సీ, పాత పడవ ఫోటో ఉందిగా, వేసెయ్. పాపం, పెద్దాయన ఊపిరి పీల్చుకుంటాడు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నా వేలు ఆ మీట మీదే ఉంది. ఇరవై సెకన్లు. "వేసెయ్యమ్మా" అన్నారు మళ్లీ. "లేదు సార్, చెప్పనివ్వండి" అన్నాను.

నువ్వేం చెప్పబోతున్నావో ఆ హాలులో నాకొక్కదానికే తెలుసు, మామయ్యా. అది మా అమ్మ పేరు. నా నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది. పళ్లు గట్టిగా బిగించి పట్టాను. ఇంటర్నెట్‌లో అప్పుడు ఆరొందలమంది చూస్తున్నారు. అప్పటిదాకా పక్కన గలగలా పారుతున్న కామెంట్లు ఆగిపోయాయి. ఒక్కరూ ఏమీ రాయలేదు. హాలులో కుర్చీ చప్పుడు కూడా లేదు. నలభై నాలుగు సెకన్లు. తర్వాత చూసి లెక్కపెట్టాను.

"మ్యూరియల్" అన్నావు.

ఎంత స్పష్టంగా అన్నావో! అమ్మ పేరు అంత పెద్దగా పలకగా నేనెప్పుడూ వినలేదు. బల్ల మీద నా చేతులు తడిసిపోయాయి, టిల్లీ గారు జేబురుమాలు ఇచ్చి తనూ ముక్కు తుడుచుకున్నారు.

యోలాండ్ గారి ప్రశ్న సంగతి కూడా చెప్పాలి. ఆమె ముందు ప్రశ్నను రాసి పంపింది. చదువుదామని నేను మైకు తీసుకుంటుండగా, 'వద్దు, నేనే అడుగుతాను' అని ఇంకో ముక్క పంపింది. అందుకే ఆమె గొంతు హాలులోకి వదిలాను. ఇంజను వేడెక్కాక ఆవిరి కక్కి ఆగిపోతోందని చెప్పడానికి ఆమెకు దాదాపు మూడు నిమిషాలు పట్టింది. నువ్వు తల వంచి అలా వింటూనే ఉన్నావు. "గ... గ... గాస్కెట్" అన్నావు. "అం... అంతేనా?" అందావిడ. "అంతే." అప్పుడు ముందు నవ్వింది మీరిద్దరే. ఆ తర్వాతే హాలంతా నవ్వింది. అది నీకు వినపడే ఉంటుంది.

ఆ రోజు నన్ను ఆ బల్ల దగ్గర కూర్చోనిచ్చినందుకు నీకు చాలా రుణపడ్డాను.

డల్సీ

&nbsp;

గన్నర్స్ కోవ్,
11 జూలై 2019

డల్సీ తల్లికి,

నీ ఉత్తరం షెడ్డులో నిలబడి చదివాను. చదివాక ఇంజను ఒకటి తిప్పి, అది నడుస్తుంటే దాని పక్కనే కాసేపు కూర్చున్నాను. నలభై నాలుగు సెకన్లా? నాకు ఇంకా తక్కువనిపించింది. ఎవరూ తొందరపెట్టకపోతే సమయం అలాగే ఉంటుంది కాబోలు.

టిల్లీ గారికి ఉప్పుచేపలు పంపాను. ఎఫీ ఊరంతా తిరిగి, "మా సెల్బీ గంటా పది నిమిషాలు మాట్లాడాడు, నాకు కాళ్లు పట్టేశాయి" అని చెబుతోంది. లెమ్ అయితే, "పది నిమిషాలు ఎక్కువ మాట్లాడావట, డబ్బులేమైనా వాపసు అడిగారా?" అన్నాడు. ఈసారి నిజంగా వెక్కిరింతే. తలుపు వెయ్యలేదు, టీ పోశాను.

ఇంతకీ మూత కింద పెట్టే ఆ గాస్కెట్ అట్ట మార్చినా యోలాండ్ గారి ఇంజను ఆవిరి కక్కుతూనే ఉందట. సిలిండరు మూతలోనే సన్నటి పగులుందేమో. ఉత్తరాల్లో తేలే పని కాదని, ఆ మూతను దుప్పట్లో చుట్టుకుని రెండు ఫెర్రీలు మారి ఆవిడే వస్తోంది. ఇవాళే, మధ్యాహ్నం పడవకు. ఎఫీ పైగది తుడిచి కొత్త పరుపు వేసింది.

ఇద్దరం కలిసి ఒక వీడియో చేద్దామని ఆవిడ రాసింది. పగులు ఎలా వెతకాలో, ఎలా పూడ్చాలో నేను ఇంగ్లీషులో చెప్పాలి, ఆవిడ ఫ్రెంచిలో చెబుతుంది. ఇద్దరి నత్తీ కలిపి ఎంతసేపు పడుతుందంటావని ఎఫీని అడిగాను. వేళ్ల మీద లెక్కేసింది. నాలుగు కార్డులు, రెండు బ్యాటరీలు, ఒక కుర్చీ కావాలంది. కుర్చీ తనకట.

కుర్చీ పొద్దున్నే చేసి పెట్టాను, రంగు ఇంకా ఆరలేదు. పడవ కూత వినపడుతోంది, రేవుకు వెళ్లాలి. కార్డులు నువ్వు పంపించు తల్లీ, నాలుగు కాదు, ఎన్నుంటే అన్ని.

నీ మామయ్య
సెల్బీ